140 ఫ్లాట్ల కాంట్రాక్ట్ వచ్చింది, తీసుకోవాలా? క్లీనింగ్ పని పెంచుకోవడంపై సలహా కావాలి

నిజాంపేట_క్లీనింగ్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నేను ఒక ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేశాను. రెండున్నరేళ్ల క్రితం అది మానేసి హైదరాబాద్ నిజాంపేటలో సొంతంగా ఇళ్ల డీప్ క్లీనింగ్ మొదలుపెట్టాను. అప్పుడు నా దగ్గర ఉన్నవి ఒక వెట్ అండ్ డ్రై వాక్యూమ్, నాలుగు బకెట్లు, మా ఆడపడుచు కొడుకు బండి. ఇప్పుడు ఐదుగురు పనిచేస్తున్నారు, ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. సోఫా యంత్రం ఒకటి కొన్నాను. నెలకు అటూ ఇటూగా 2,20,000 వస్తోంది. జీతాలు, కెమికల్స్, పెట్రోల్, బండి ఈఎంఐ పోగా నాకు 40,000 మిగులుతోంది. దసరా ముందు, సంక్రాంతి ముందు ఊపిరి ఆడనంత పని. ఆషాఢంలో, ముసురు రోజుల్లో వారానికి రెండు ఇళ్లు కూడా రావు. జీతాలు మాత్రం ఇవ్వాల్సిందే కదా. ఆ నెలల్లో నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు మా దగ్గరలోని 140 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు పిలిచారు. వాళ్ల ఇంట్లో డీప్ క్లీనింగ్ చేయించుకున్న ఒకావిడ మా పేరు చెప్పారట. కారిడార్లు, మెట్లు, లిఫ్టులు, రెండు సెల్లార్లు, క్లబ్ హౌస్ రోజూ శుభ్రం చేయాలి. 8 మంది కావాలి, నెలకు 1,30,000 ఇస్తాం, వారంలో చెప్పండి అన్నారు. నెలనెలా ఠంచనుగా డబ్బు వస్తుందంటే ఆశగా ఉంది. కానీ ఒకేసారి 8 మందిని తీసుకోవడమంటే చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి కాంట్రాక్ట్ చేసినవాళ్లు చెప్పండి, ఒప్పుకోవాలా?

బెజవాడ_డీప్‌క్లీన్ | సోమవారం, రాత్రి 10:15

అక్కా, ముందుగా అభినందనలు. ఒక్క ఇల్లు బాగా చేస్తే 140 ఇళ్ల వాళ్లు పిలిచారంటే మీ పని మాట్లాడింది. నేను కామన్ ఏరియా కాంట్రాక్టులు చేయలేదు, అందుకే లెక్క గురించి మాట్లాడను. తొందరపడి మాట ఇవ్వకండి అని మాత్రం చెబుతాను. వారం గడువు వాళ్లది, మీది కాదు.

పాత_ఫెసిలిటీ_మేనేజర్ | మంగళవారం, ఉదయం 6:50

అమ్మా, ఇరవై ఏళ్లు ఆఫీసు భవనాలు, అపార్ట్‌మెంట్లు చూసుకున్నాను. ఈ కాంట్రాక్టుల్లో దెబ్బతిన్న చిన్న సంస్థలన్నీ ఒకే చోట తప్పు చేశాయి. జీతాన్ని మనుషుల సంఖ్యతో గుణించి, అదే ఖర్చు అనుకున్నాయి.

ఒక మనిషికి అసలు ఎంతవుతుందో చూడండి. జీతం 14,000 అనుకుందాం. మీ జోన్‌కు ప్రభుత్వ జీవోలో కనీస వేతనం ఇంతకంటే ఎక్కువ ఉంటే అదే వేయాలి, తక్కువకు ఒప్పుకోకూడదు. ఇప్పుడు మీ దగ్గర ఐదుగురు, వీళ్లు ఎనిమిది మంది వస్తే 13 మంది అవుతారు. 10 మంది అయితే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, తప్పనిసరి. యజమాని వాటా 3.25 శాతం, అంటే 455. వారానికో సెలవు ఇవ్వాలి కానీ అసోసియేషన్‌కు ముప్ఫై రోజులూ మనిషి కావాలి. ఆ నాలుగు రోజులకు రిలీవర్‌ని, అంటే బదులు మనిషిని, పెట్టాలి. 14,000ను 26తో భాగిస్తే రోజుకు 538, నాలుగు రోజులకు 2,154. యూనిఫాం, బూట్లు, గ్లౌజులు నెల మీద పడేది 250. మొత్తం 16,859. ఎనిమిది మందికి 1,34,872.

వాళ్లు ఇస్తానన్నది 1,30,000. ఫినాయిల్ సీసా ఒక్కటి కొనకముందే మీకు దాదాపు 5,000 నష్టం.

దీనికి కెమికల్స్, మాప్‌లు, చెత్త సంచులు కలిపి 9,000, మీరు వెళ్లి చూసుకునే సమయానికి కనీసం 5,000 వేస్తే 1,48,872. దాని మీద పది శాతం మీ సర్వీస్ చార్జీ కలిపితే 1,64,000 దగ్గరికి వస్తుంది. జీఎస్టీ వేరు. 20 మంది అయ్యాక పీఎఫ్ కూడా వస్తుంది, అప్పుడు మనిషికి ఇంకో 1,800 దాకా వేసుకోవాలి.

నష్టానికి ఒప్పుకుంటే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. మూడో నెలకు జీతాల్లో కోత, నాలుగో నెలకు మనుషులు మానేయడం, ఐదో నెలకు అసోసియేషన్‌తో గొడవ. ఆఖరికి మంచి పేరు కూడా పోతుంది.

నిజాంపేట_క్లీనింగ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

సార్, మీ మెసేజ్ మూడుసార్లు చదివి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రిలీవర్ సంగతి నాకు అసలు తట్టలేదు. ఆసుపత్రిలో రిలీవర్లను నేనే వేసేదాన్ని, కానీ ఆ ఖర్చు ఎవరు భరించేవాళ్లో ఎప్పుడూ ఆలోచించలేదు.

అయితే 1,64,000 అని చెబితే వాళ్లు వద్దంటారు. వదిలేయడమేనా?

లెక్కల_పంతులు | మంగళవారం, సాయంత్రం 5:05

అమ్మా, మీ మొదటి పోస్టులోనే నాకు ఒక విషయం కనిపించింది. నెలకు 2,20,000 అంటే ఏడాదికి 26,40,000. సేవలకు జీఎస్టీ పరిమితి ఏడాదికి 20 లక్షలు. మీరు జీఎస్టీ మాట ఎక్కడా రాయలేదు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ కాంట్రాక్ట్ పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి. పరిమితి దాటిన 30 రోజుల్లో నమోదు చేసుకోవాలి. ఆలస్యమైన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. భయపడాల్సిన పనిలేదు, కానీ ఈ వారంలోనే ఒక మంచి ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర కూర్చోండి.

రెండో మాట. క్లీనింగ్ సేవల మీద మామూలుగా 18 శాతం. ఇళ్లవాళ్లకు, చాలా అసోసియేషన్లకు ఆ పన్ను తిరిగి క్రెడిట్‌గా రాదు, వాళ్లకు అది పూర్తి ఖర్చు. 1,64,000 కోట్ చేస్తే పన్నుతో 1,93,000 అవుతుంది. అయితే ఏడాది టర్నోవర్ 50 లక్షల లోపు ఉన్న సేవల వ్యాపారాలకు కాంపోజిషన్ పథకం ఉంది. అందులో 6 శాతం కడితే చాలు. బిల్లులో పన్ను విడిగా వేయకూడదు, మీ జేబులోంచి కట్టాలి, మీరు కొన్నవాటి మీద క్రెడిట్ రాదు. మీ ఖర్చులో ఎక్కువ భాగం జీతాలే కాబట్టి ఆ క్రెడిట్ పోయినా మీకు పెద్ద నష్టం లేదు. ఇప్పటి పని, ఈ కాంట్రాక్ట్ కలిపినా 46 లక్షల చుట్టుపక్కలే ఉంటారు. పరిమితికి దగ్గరగా ఉన్నారు, గమనించుకుంటూ ఉండాలి.

ఆ 6 శాతం ఇళ్ల పని మీదా పడుతుంది. 2,20,000 మీద 13,200. మీకు మిగిలే 40,000 లోంచి అది పోతుంది. ఇళ్ల రేట్లు కొంచెం పెంచక తప్పదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) కూడా చేయించుకోండి, అది పూర్తిగా ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం చిన్న సంస్థకు బిల్లు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందంలో అంతకంటే ఎక్కువ గడువు రాసుకున్నా చెల్లదు. అడగడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

మణికొండ_సెక్రటరీ | మంగళవారం, రాత్రి 8:30

నేను అవతలి వైపు మనిషిని. మూడేళ్లుగా మా అసోసియేషన్ సెక్రటరీగా ఉన్నాను. మా వైపు నుంచి రెండు మాటలు చెబితే మీకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

8 మంది అని మేము ఎందుకు అడుగుతామంటే, ఎనిమిది అంటేనే ఆరుగురు వస్తారు అనే అనుభవంతో. గతంలో ఒక ఏజెన్సీ కాగితం మీద తొమ్మిది మందిని చూపించేది, గేటు రిజిస్టర్‌లో ఏ రోజూ ఏడుగురు దాటలేదు. నివాసితులు నన్ను నిలదీసేవారు. మీరు నిజంగా వచ్చే మనుషుల సంఖ్య చెప్పి, గేటు హాజరుతోనే బిల్లు వేస్తామని రాసిస్తే, ఏ సెక్రటరీ అయినా సంతోషిస్తాడు.

రేటు గురించి కూడా చెబుతాను. మాకు కావలసింది మనుషుల లెక్క కాదు, శుభ్రత. ఏ చోటు రోజుకు ఎన్నిసార్లు తుడుస్తారు, సెల్లార్ వారానికి ఎన్నిసార్లు కడుగుతారు, అద్దాలు ఎప్పుడు తుడుస్తారు అని ఒక పట్టిక పట్టుకొచ్చినవాళ్లు నాకు ఇప్పటిదాకా ఇద్దరే కనిపించారు. వాళ్లలో ఒకరికే మేము పని ఇచ్చాం, అది తక్కువ కొటేషన్ కాదు.

డబ్బు ఆలస్యం కావడానికి కారణం కూడా ఉంది. మెయింటెనెన్స్ 10వ తేదీ లోపు వసూలవుతుంది. బిల్లు 1వ తేదీకే ఇస్తే 12కో, 15కో చెల్లించగలం. 20వ తేదీన బిల్లు ఇచ్చి 25న అడిగితే మా దగ్గర డబ్బు ఉండదు.

పాత_ఫెసిలిటీ_మేనేజర్ | బుధవారం, ఉదయం 6:40

సెక్రటరీగారు చాలా విలువైన మాట చెప్పారు. అమ్మా, వదిలేయడం కాదు, మళ్లీ కొలవండి.

టేపు పట్టుకుని వెళ్లి అంతస్తుకు కారిడార్ ఎన్ని చదరపు అడుగులో రాసుకోండి. నా అనుభవంలో ఒక మనిషి ఒక షిఫ్టులో 8,000 నుంచి 10,000 చదరపు అడుగుల కారిడార్ ఊడ్చి తుడవగలడు. మెట్లకు వేరే లెక్క వేయాలి. ఇలాంటి చోట మనుషులను మింగేసేది సెల్లార్. చీపురుతో ఇద్దరు రోజంతా ఊడ్చినా దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది. 17 అంగుళాల సింగిల్ డిస్క్ స్క్రబ్బర్ (గచ్చు రుద్దే యంత్రం), దానితో పాటు వెట్ వాక్యూమ్ పెట్టి బ్లాకుల వారీగా వంతు వేస్తే ఒక్కరితో సరిపోతుంది. స్క్రబ్బర్ అద్దెకు తీసుకుంటే నెలకు 3,500 వేసుకోండి.

అప్పుడు ఆరుగురు చాలు. 16,859 చొప్పున ఆరుగురికి 1,01,154. కెమికల్స్ 9,000, మీ పర్యవేక్షణ 5,000, యంత్రం 3,500. మొత్తం 1,18,654. వాళ్ల బడ్జెట్ దగ్గరికి వచ్చేశారు చూశారా? దీని మీద 6 శాతం పన్ను, మీ లాభం వేసుకుని 1,38,000 అడగండి.

ఇంకొకటి. కనీస వేతనంలో వీడీఏ, అంటే ధరలను బట్టి మారే కరువు భత్యం, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. అది పెరిగినప్పుడల్లా బిల్లు కూడా అంత పెరుగుతుందని ఒప్పందంలో రాయించండి. ఈ ఒక్క వాక్యం లేక రెండో ఏడు మునిగినవాళ్లు నాకు తెలుసు.

చేతిలో రెండు నెలల జీతం లేకుండా సంతకం పెట్టకండి. ఆరుగురికి 1,68,000. అసోసియేషన్ ఎంత మంచిదైనా, డబ్బు వచ్చే తేదీ మీ చేతిలో లేదు, జీతం ఇచ్చే తేదీ మీ చేతిలోనే ఉంది.

గాజువాక_కొత్త | బుధవారం, మధ్యాహ్నం 12:10

నమస్తే. నేను ఇంకా మొదలుపెట్టలేదు. చేతిలో 1,50,000 ఉంది, ముద్ర లోన్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. ఏ యంత్రాలు కొనాలి? డీప్ క్లీనింగ్‌తో పాటు వాటర్ ట్యాంకులు, సెప్టిక్ ట్యాంకులు కూడా చేస్తే ఆదాయం పెరుగుతుంది అని ఒకరు చెప్పారు. నిజమేనా?

కరీంనగర్_గల్ఫ్_రిటర్న్ | బుధవారం, సాయంత్రం 6:45

తమ్ముడూ, సెప్టిక్ ట్యాంక్ మాట మనసులోంచి తీసెయ్. నేను పదకొండేళ్లు దుబాయ్‌లో క్లీనింగ్ కంపెనీలో చేశాను, ఆఖరి నాలుగేళ్లు ఎత్తైన భవనాల అద్దాలు తుడిచే పని. తాడు మీద వేలాడుతూ పనిచేసినవాడిని, ప్రమాదం అంటే ఏమిటో తెలుసు. సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి, ఆక్సిజన్ చాలా తక్కువ ఉంటుంది. లోపలికి దిగిన మనిషి అరిచే లోపే పడిపోతాడు. అతన్ని లాగుదామని దిగిన రెండోవాడు కూడా పడిపోతాడు. మన దగ్గర వార్తల్లో ఇద్దరు ముగ్గురు కలిసి చనిపోయారని వచ్చేది ఇందుకే.

2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దించడం నేరం. 2023 అక్టోబర్‌లో సుప్రీం కోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. కానీ డబ్బు సంగతి ఎందుకు? ఒకరి కొడుకును మనం పనికి తీసుకెళ్తున్నాం. సక్షన్ ట్యాంకర్ ఉన్నవాళ్లే ఆ పని చేయాలి. ఎవరైనా అడిగితే వాళ్ల నంబర్ ఇచ్చి పంపించెయ్.

మంచినీళ్ల సంప్ కూడా తేలిక కాదు. చాలాకాలం మూసి ఉన్న సంప్‌లో కూడా ఆక్సిజన్ తగ్గి ఉంటుంది. మూత తీసి, బ్లోయర్‌తో గాలి పంపి, లోపలి మనిషికి నడుముకు తాడు కట్టి, పైన ఒకరు కదలకుండా నిలబడాలి. డీజిల్, పెట్రోల్ మోటార్లను సంప్‌లోకి ఎప్పుడూ దించొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. లోపల కరెంటు మోటార్ నడుస్తున్నప్పుడు నీళ్లలో మనిషి నిలబడకూడదు.

యంత్రాల సంగతి. మొదట ఒక వెట్ అండ్ డ్రై వాక్యూమ్, ఒక చిన్న సింగిల్ డిస్క్, మంచి నిచ్చెన, టెలిస్కోపిక్ పోల్, మైక్రోఫైబర్ గుడ్డలు బోలెడు. సోఫా యంత్రం మూడు నెలలు అద్దెకు తీసుకుని చూడు. గుడ్డలకు రంగులు పెట్టు. ఎర్రవి టాయిలెట్‌కే, ఆకుపచ్చవి వంటింటికి, నీలం మిగతా గదులకు. గల్ఫ్‌లో మొదటి రోజు నేర్పే పాఠం ఇదే. టాయిలెట్ తుడిచిన గుడ్డ వంటగట్టు మీదకు వెళ్లిందంటే ఇంటి ఆవిడ మళ్లీ పిలవదు, పిలవకూడదు కూడా.

బెజవాడ_డీప్‌క్లీన్ | బుధవారం, రాత్రి 9:00

కెమికల్స్ గురించి నేను కలుపుతాను, ఎందుకంటే ఈ పాఠానికి నేను 18,000 కట్టాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇంట్లో బాత్రూం ముందు పాలరాయి గడప ఉంది. మా అబ్బాయి టైల్స్ మీద బోరు నీళ్ల తెల్ల మరకలు పోవడానికి యాసిడ్ కొట్టాడు. నాలుగు చుక్కలు గడప మీద పడ్డాయి. పాలరాయి అంటే సున్నపురాయి జాతి కదా, యాసిడ్ తగిలిన చోట నురుగు వచ్చి మెరుపు పోయింది. ఎంత తుడిచినా రాలేదు. పాలిషింగ్ మేస్త్రీని పెట్టించి డబ్బు నేనే కట్టాను. అబ్బాయి జీతంలో కోయలేదు, ఎందుకంటే నేర్పనిది నేను.

ఇప్పుడు నా దగ్గర మామూలు యాసిడ్ సీసా లేనే లేదు. టాస్కి బ్రాండ్ కెమికల్స్ వాడుతున్నాను: ఆర్1 బాత్రూంకి, ఆర్2 గచ్చుకి, ఆర్3 అద్దాలకి, ఆర్6 టాయిలెట్ కమోడ్‌కి. ఆర్6 కమోడ్ దాటి బయటకు రాకూడదు. బ్లీచింగ్ ఉన్నదాన్ని యాసిడ్ ఉన్నదానితో ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీలు లేని బాత్రూంలో అది ప్రాణం మీదకు తెస్తుంది. చదువు రానివాళ్లు ఉంటారు కాబట్టి సీసాల మీద రంగు టేపు అంటించాను.

ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తోంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లల్లోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు తీసిన తర్వాత మోకాలి లోతు బురద. ఫోన్లు ఆగలేదు. కొందరు మూడింతలు అడిగారు. నేను పాత రేటే తీసుకున్నాను, బాగా నష్టపోయిన ఇళ్లల్లో కెమికల్స్ ఖర్చు మాత్రమే. ఆ పనిలో నేర్చుకున్నది ఏమిటంటే, బురద ఎండనివ్వకూడదు, ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. పారతో తీసిన తర్వాతే నీళ్లు, నీళ్లతో కడిగిన తర్వాతే బ్లీచింగ్. బురద మీద బ్లీచింగ్ చల్లితే అది పనిచేయదు. ఎలక్ట్రీషియన్ చూసేదాకా స్విచ్ బోర్డు ముట్టుకోకూడదు. గమ్‌బూట్లు లేకుండా ఎవరినీ దించలేదు, ఎలుక జ్వరం భయం. ఆ వీధుల వాళ్లు ఈరోజుకీ పండగకు నన్నే పిలుస్తారు.

సిక్కోలు_సూపర్‌వైజర్ | గురువారం, ఉదయం 11:25

నమస్తే. నేను యజమానిని కాదు. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చి ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట మాప్ పట్టాను, ఇప్పుడు 14 మందిని చూసుకుంటున్నాను. అక్క ఆరుగురిని తీసుకోబోతున్నారు కాబట్టి మా వైపు మాట చెబుతాను.

మనుషులు 500 ఎక్కువ ఇస్తారని మానేయరు. జీతం 7న వస్తుందో 17న వస్తుందో తెలియకపోతే మానేస్తారు. అన్నం తినడానికి చోటు లేక మెట్ల కింద కూర్చుంటే మానేస్తారు. ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గది, వాడుకోవడానికి ఒక టాయిలెట్ లేకపోతే మానేస్తారు. మేము రోజూ కడిగే టాయిలెట్‌లోకి మమ్మల్ని వెళ్లొద్దంటారు కొన్ని చోట్ల. అది చాలా బాధగా ఉంటుంది. ఒప్పందం రాసేటప్పుడే ఒక గది, ఒక టాయిలెట్ అడిగి రాయించండి అక్కా.

ఇళ్ల పనిలో పెద్ద భయం దొంగతనం నింద. ఇంట్లో ఏదైనా కనబడకపోతే ముందు మా వైపే చూస్తారు. మా మేడమ్ ఒక పద్ధతి పెట్టారు. పని మొదలయ్యే ముందు నగలు, డబ్బు బీరువాలో పెట్టి తాళం వేసుకోమని చెప్పి, ఇంటివాళ్ల ఎదుటే గదులన్నీ ఫోన్‌లో వీడియో తీస్తాం. అయిపోయాక మళ్లీ తీస్తాం. అప్పటి నుంచి ఒక్క గొడవ కూడా లేదు. ఒంటరిగా ఆడమనిషిని ఏ ఇంటికీ పంపరు, కనీసం ఇద్దరు.

సంక్రాంతికి అందరం ఊరెళ్తాం. ఆ పది రోజులు రిలీవర్లు దొరకరు. ఒప్పందంలో ఆ వారానికి సగం మందే వస్తారని ముందే చెప్పుకోండి. చెప్పకుండా ఆపితే పండగకు ఇంటికి పోలేదని మనసు విరిగి, తర్వాత తిరిగి రారు.

నిజాంపేట_క్లీనింగ్ | గురువారం, రాత్రి 10:50

తమ్ముడూ, నీ మెసేజ్ చదివి కళ్లు చెమర్చాయి. ఆసుపత్రిలో మా వాళ్లు కూడా లాండ్రీ గది మూలనే తినేవారు. గది, టాయిలెట్ మొదటి షరతుగా పెడతాను.

నిన్న టేపు పట్టుకుని వెళ్లాను. కారిడార్లు అన్నీ కలిపి నేను అనుకున్నదానికంటే తక్కువే. సెల్లార్లే పెద్దవి. సార్ చెప్పినట్టు ఆరుగురితో పట్టిక వేశాను. కన్సల్టెంట్ దగ్గరికి శనివారం వెళ్తున్నాను. జీఎస్టీ సంగతి విన్నప్పుడు చేతులు చల్లబడ్డాయి, కానీ ఇంకా ఆలస్యం చేసే కంటే ఇప్పుడే తెలియడం మంచిదైంది. పంతులుగారికి దండాలు.

ఒక సందేహం. ఉన్న ఐదుగురిలో ఒకరిని అక్కడ సూపర్‌వైజర్‌గా పెట్టాలా, బయటి నుంచి తీసుకోవాలా?

పాత_ఫెసిలిటీ_మేనేజర్ | శుక్రవారం, ఉదయం 6:55

ఉన్నవాళ్లలోనే పెట్టండి. పని చేతకానివాడు పట్టిక ఎంత బాగా రాసినా, గచ్చు మీద జిడ్డు ఎందుకు పోవడం లేదో చెప్పలేడు. అయితే సూపర్‌వైజర్ అని పిలిచి అదే జీతం ఇవ్వకండి. కనీసం 3,000 ఎక్కువ ఇవ్వండి. మీ పర్యవేక్షణకు వేసిన 5,000 లోంచి అది వస్తుంది.

మణికొండ_సెక్రటరీ | శుక్రవారం, ఉదయం 9:10

పట్టికలో ఒక ఫిర్యాదుల వరుస కూడా పెట్టండి. ఫిర్యాదు వచ్చిన రోజు, సరిచేసిన రోజు. నెలాఖరు మీటింగ్‌లో అది చూపిస్తే సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

నిజాంపేట_క్లీనింగ్ | ఏడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:30

అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది, అందుకే వచ్చాను.

అసోసియేషన్ మీటింగ్‌కు పట్టిక, కొలతలు, మనిషి ఖర్చు లెక్క మూడూ కాగితం మీద తీసుకెళ్లాను. 1,38,000 అడిగాను. ఒకాయన మాత్రం ఇంకో ఏజెన్సీ 8 మందిని 1,25,000కే ఇస్తుందన్నారు. అప్పుడు నేను మనిషి ఖర్చు కాగితం ఆయన చేతికిచ్చి, ఆ రేటుకు వాళ్లు ఏది ఎగ్గొడతారో మీరే చూడండి, జీతమా, ఈఎస్ఐనా, మనుషులా అని అడిగాను. చాలాసేపు చూశారు. చివరికి 1,36,000కు ఒప్పుకున్నారు. వీడీఏ వాక్యం రాశారు. సంక్రాంతి వారం సగం మంది అని రాశారు. సెల్లార్‌లో జనరేటర్ పక్కన ఖాళీగా ఉన్న గది శుభ్రం చేసి, ఫ్యాన్ పెట్టి మా వాళ్లకు ఇచ్చారు. టాయిలెట్ కూడా.

జీఎస్టీ కాంపోజిషన్‌లో చేరాను. పాత నెలల పన్ను, వడ్డీ కలిపి కట్టాల్సింది ఉంది, దానికి మా అమ్మ చీటీ ఎత్తి ఇచ్చింది. ఈఎస్ఐ తీసుకున్నాను, ఐదుగురు పాతవాళ్లకూ కార్డులు వచ్చాయి. పన్ను పోగా ఈ కాంట్రాక్ట్‌లో నాకు నెలకు 9,000 మిగులుతోంది. తక్కువే అనిపించవచ్చు. కానీ ఆ ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులోంచి ఇప్పటికే ఏడు డీప్ క్లీనింగులు వచ్చాయి, పెట్రోల్ ఖర్చు లేకుండా. ఇళ్ల రేటు డబుల్ బెడ్‌రూంకి 500 పెంచాను, ఎవరూ వద్దనలేదు.

మొదటి రోజు నుంచీ నాతో ఉన్న అక్కనే సూపర్‌వైజర్‌గా పెట్టాను. ఆమె చదివింది ఐదో తరగతి. మొదటి వారం పట్టికలో టిక్కులు పెట్టడానికి భయపడింది, ఇప్పుడు ఫిర్యాదుల వరుస కూడా తనే రాస్తోంది. మొదటి బిల్లు 1న ఇచ్చాను, 13న డబ్బు పడింది. జీతాలు 7నే ఇచ్చేశాను, చేతిలో పెట్టుకున్న డబ్బుతో.

ఒక సహాయం కావాలి. సోఫా యంత్రం గొట్టం దగ్గర లీకవుతోంది, నీళ్లు పీల్చడం కూడా తగ్గింది. వచ్చే ఆదివారం సి బ్లాక్‌లో రెండు ఇళ్లు ఉన్నాయి. కూకట్‌పల్లి, బాలానగర్ వైపు బాగుచేసేవాళ్లు ఎవరైనా తెలుసా?

కరీంనగర్_గల్ఫ్_రిటర్న్ | ఆదివారం, సాయంత్రం 5:15

అక్కా, చాలా సంతోషం. గొట్టం మార్చే ముందు మురికినీళ్ల ట్యాంకు మూత దగ్గర రబ్బరు వాషర్ చూడండి. అది అరిగినా పీల్చడం తగ్గుతుంది. లోపల ఫ్లోట్‌కు వెంట్రుకలు, పీచు చుట్టుకుని ఉంటే అవి తీసేయండి. అప్పటికీ తగ్గకపోతే గొట్టం కొలత రాసి పెట్టండి, బాలానగర్‌లో నాకు తెలిసిన షాపులో అడిగి రేపు మెసేజ్ చేస్తాను.

గాజువాక_కొత్త | ఆదివారం, రాత్రి 8:40

మేడమ్, ఆ మనిషి ఖర్చు కాగితం నాకూ పంపుతారా? ఇక్కడ ఒక స్కూలు వాళ్లు అడుగుతున్నారు. నలుగురు కావాలట, ఏ రేటు చెప్పాలో తెలియక ఆగాను.

నిజాంపేట_క్లీనింగ్ | ఆదివారం, రాత్రి 9:05

పంపాను తమ్ముడూ. ముందు విశాఖ జోన్ కనీస వేతనం చూసుకుని 14,000 ఉన్న చోట అది వేసుకో. స్కూలుకు వేసవి సెలవుల రెండు నెలలు జీతం ఎవరిస్తారో అడగడం మర్చిపోకు.